ట్రిప్‌ట్యాగ్: నిద్రావ్యాధి పరాన్నజీవి ప్రోటీన్ల చిత్రపటం – మైటోకాండ్రియా పాఠానికి ఎంతవరకు పనికివస్తుంది?

ట్రిపనోసోమా బ్రూసై అనే ఏకకణ పరాన్నజీవిలో ఏ ప్రోటీన్ కణంలో ఏ చోట ఉంటుందో సూక్ష్మదర్శిని ఫొటోలతో చూపించే ఉచిత వెబ్‌సైటు పేరు ట్రిప్‌ట్యాగ్. అనంతపురంలో పీజీ జంతుశాస్త్ర విద్యార్థులకు పరాన్నజీవశాస్త్రం చెబుతున్న నేను, ఈ జీవి మైటోకాండ్రియాన్ ఒక్కో జీవిత దశలో ఒక్కో తీరుగా ఎలా మారుతుందో వివరించడానికి దీన్ని కొంతకాలంగా వాడుతున్నాను. పాఠ్యపుస్తకంలోని గీతబొమ్మ తప్ప మరో ఆధారం లేని చోట ఇలాంటి సౌకర్యం దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఇది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, ఏ ప్రశ్నకు చెప్పలేదో తెలియకుండా వాడితే, ముఖ్యంగా మైటోకాండ్రియా ప్రోటీన్ల విషయంలో, విద్యార్థి తప్పు అభిప్రాయంతో బయటికి వెళ్ళే ప్రమాదం ఉంది. మన ప్రాంత కళాశాలల్లో ఈ పాఠం చెప్పేవారికీ, జీవసాంకేతికశాస్త్రంలో ప్రాజెక్టు పని చేసే విద్యార్థులకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నిద్రావ్యాధి కలిగించే ఈ పరాన్నజీవి ఆఫ్రికాలో సెట్సీ ఈగ ద్వారా మనిషికీ పశువుకూ సోకుతుంది. మన కణాల్లో మైటోకాండ్రియాలు అనేకం ఉంటే, దీనికి కణమంతా పరుచుకున్న మైటోకాండ్రియాన్ ఒక్కటే ఉంటుంది. అందులో కశాభం మొదలుకు దగ్గరగా కైనెటోప్లాస్ట్ అనే డీఎన్‌ఏ ముద్ద ఉంటుంది. కొన్ని డజన్ల పెద్ద వలయాలూ, వేల సంఖ్యలో చిన్న వలయాలూ ఒకదానిలో ఒకటి గొలుసుకట్టుగా చిక్కుకొని ఈ ముద్ద తయారవుతుంది. ఇంత డీఎన్‌ఏ ఉన్నా అందులో సంకేతం ఉన్న ప్రోటీన్లు ఇరవైకి లోపే. వాటిలో చాలావాటి సందేశం కూడా యథాతథంగా చదవడానికి పనికిరాదు. ఆర్‌ఎన్‌ఏలో యురిడిన్ అనే అక్షరాలను చేర్చి, తీసివేసి సరిదిద్దిన తరువాతే అది అర్థవంతమవుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ అనే ఈ ప్రక్రియ మొదటిసారి 1986లో ఈ వర్గం జీవుల్లోనే బయటపడింది. మైటోకాండ్రియాన్‌కు కావలసిన మిగిలిన సుమారు వెయ్యి ప్రోటీన్లు కేంద్రకంలోని జన్యువుల నుంచి తయారై, కణద్రవ్యం గుండా ప్రయాణించి లోపలికి చేరవలసినవే. కాబట్టి ఈ వెయ్యిలో ఏవి ఎక్కడ ఉంటాయి, ఏ దశలో ఉంటాయి అన్న రెండు ప్రశ్నలు ఈ జీవిని అర్థం చేసుకోవడానికి ప్రాణాధారం. ట్రిప్‌ట్యాగ్ జవాబిచ్చేది మొదటిదానికి.

ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా సాగిన ఈ పనిని 2017లో ప్రకటించారు. పూర్తి ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పరాన్నజీవి జన్యువులను ఒక్కొక్కటిగా తీసుకొని, దాని సొంత స్థానంలోనే ఎంనియాన్‌గ్రీన్ అనే వెలిగే ప్రోటీన్‌ను అతికించి, బ్రతికి ఉన్న కణాలను ఫొటో తీశారు. మొత్తం ప్రోటీన్లలో 89 శాతానికి ఇలా చిరునామా దొరికింది. అందులో సగానికి సగం ఏ పని చేస్తాయో ఇప్పటికీ తెలియనివి కావడం వల్ల ఈ చిరునామాల విలువ ఇంకా పెరుగుతుంది. పని తెలియని ప్రోటీన్ కైనెటోప్లాస్ట్ పక్కన మెరుస్తున్నదంటే, దాని గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఏమిటో ఆ ఫొటోయే చెబుతుంది.

వాడుక విషయానికి వస్తే, వెబ్‌సైటు తెరిచి జన్యు సంఖ్యగాని, ప్రోటీన్ పేరుగాని కొడితే ఫొటోలు వస్తాయి. ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది వెనుక నుంచి వెతికే దారి. ‘మైటోకాండ్రియాన్’ అనో, ‘కైనెటోప్లాస్ట్’ అనో స్థానం పేరు ఇచ్చి, అక్కడ ఉండే ప్రోటీన్లన్నిటినీ బయటికి తీయవచ్చు. ఒక్కో ప్రోటీన్‌కు ఉన్న స్థానసూచనలు మనుషులు ఫొటోలు చూసి రాసినవి. వెలుగు బలహీనంగా ఉందా, కొద్ది శాతం కణాల్లోనే కనిపించిందా, కణవిభజన దశను బట్టి మారుతున్నదా అన్నది కూడా పక్కనే చిన్న మాటతో గుర్తిస్తారు. విద్యార్థులు ఆ చిన్న మాటను చదవకుండా పెద్ద మాటను మాత్రమే రాసుకుంటారు. ఉపాధ్యాయులు ఇక్కడ గట్టిగా ఆపి చదివించాలి.

ఫొటోను తెరపై పెద్దది చేసి చూపించినప్పుడు తరగతిలో వచ్చే మార్పు వేరు. ఒకే కణాన్ని మూడు రూపాల్లో చూడవచ్చు. మామూలు వెలుతురులో మెలికలు తిరిగిన పొడవైన శరీరం, దాని అంచు వెంబడి కశాభం కనిపిస్తాయి. డీఎన్‌ఏ రంగు వేసిన ఫొటోలో రెండు చుక్కలు ఉంటాయి. పెద్దది కేంద్రకం, చిన్నది కైనెటోప్లాస్ట్. మూడవది ఆకుపచ్చ వెలుగు, మనం వెతికిన ప్రోటీన్ ఉన్న చోటు. మైటోకాండ్రియాన్ లోపలి ప్రోటీన్ అయితే ఆ ఆకుపచ్చ శరీరం పొడవునా అల్లుకున్న వలగా, మధ్యమధ్య ఖాళీలతో, కేంద్రకం చుట్టూ తిరిగి కనిపిస్తుంది. ప్రోటీన్ కైనెటోప్లాస్ట్‌కు చెందినదైతే ఆ చిన్న చుక్క మీదనే వెలుగుతుంది. డీఎన్‌ఏ ప్రతికృతి చెందే చోట పనిచేసే కొన్ని ప్రోటీన్లు మరీ విచిత్రంగా, ఆ చుక్కకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి అన్నట్టు రెండు బిందువులుగా నిలబడతాయి. కైనెటోప్లాస్ట్‌ను కశాభం మూలానికి కట్టివేసే నిర్మాణంలోని ప్రోటీన్లు ఆ రెంటి మధ్య ఉండే కాస్త చోటులో సూదిమొనంత వెలుగుగా కనిపిస్తాయి. అదే ఫొటోలో విభజనకు సిద్ధమవుతున్న కణాలు ఒకటి రెండు ఉంటే, రెండు కైనెటోప్లాస్ట్‌లు, ఒకే కేంద్రకం ఉన్న కణాన్ని చూపించి, ఈ జీవిలో కైనెటోప్లాస్ట్ ముందు విడిపోతుందనీ కేంద్రకం తరువాత విడిపోతుందనీ విద్యార్థుల చేతనే చెప్పించవచ్చు. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఇంత స్పష్టత రాదు.

ఇక మైటోకాండ్రియా ప్రోటీన్లను ఇందులో చదివేవారు మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి తోక గురించినది. తోక అంటే అతికించిన ఆ వెలిగే ప్రోటీనే. దాన్ని వీలైన ప్రతి జన్యువుకూ రెండు విధాలుగా, ఒకసారి ప్రోటీన్ గొలుసు మొదలైన ఎన్-కొనకూ మరొకసారి దాని చివర అయిన సి-కొనకూ అతికించారు. మైటోకాండ్రియాన్‌లోకి వెళ్ళవలసిన ప్రోటీన్లలో చాలావాటికి ‘నన్ను లోపలికి పంపండి’ అని చెప్పే సంకేతం ఎన్-కొనలో ఉంటుంది. ఈ జీవిలో ఆ సంకేతం కొన్నిటిలో పది అమైనో ఆమ్లాలకు మించనంత పొట్టిది. దాని ముందు అంత పెద్ద వెలిగే ప్రోటీన్‌ను తెచ్చి పెడితే సంకేతం మరుగున పడిపోతుంది, ప్రోటీన్ కణద్రవ్యంలోనే ఆగిపోతుంది. అందువల్ల ఒకే ప్రోటీన్ పేజీలో ఎన్-కొన ఫొటో కణమంతా పలచగా పచ్చగానూ, సి-కొన ఫొటో చక్కటి వలగానూ కనిపించే సందర్భాలు ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏది నమ్మాలి అని విద్యార్థులు అడుగుతారు. మైటోకాండ్రియా ప్రోటీన్ల వరకు సాధారణంగా సి-కొన ఫొటోనే నమ్మాలి. కానీ దీన్ని సూత్రంగా బట్టీ పట్టించకూడదు. కైనెటోప్లాస్ట్‌ను కట్టివుంచే నిర్మాణంలోని టీఏసీ102 అనే ప్రోటీన్‌కు లోపలికి వెళ్ళే సంకేతం సి-కొనలోనే ఉంటుంది. అక్కడ తోక తగిలిస్తే కథ తలకిందులవుతుంది. రెండు ఫొటోలనూ దాచకుండా పక్కపక్కనే పెట్టడం ఈ వెబ్‌సైటు నిజాయితీకి గుర్తు. ఒకటి తీసేసి ‘సరైన’ ఫొటో మాత్రమే చూపించి ఉంటే చూడటానికి బాగుండేది, చదువుకు పనికివచ్చేది కాదు.

దీనికంటే పెద్ద పరిమితి దశకు సంబంధించినది. 2023లో వెలువడిన ట్రిప్‌ట్యాగ్ ఫొటోలు ప్రోసైక్లిక్ దశలోని కణాలవి, అంటే సెట్సీ ఈగ పేగులో ఉండే రూపానివి. ఆ దశలో మైటోకాండ్రియాన్ నిండుగా, శాఖోపశాఖలుగా, పళ్ళెం ఆకారపు క్రిస్టేలతో (లోపలి పొర మడతలతో) ఉంటుంది. ఈగ పేగులో చక్కెర దొరకదు కనుక ప్రోలిన్ వంటి అమైనో ఆమ్లాలను కాల్చుకొని, సైటోక్రోమ్‌లు అనే ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్లున్న శ్వాసగొలుసును నడుపుకొని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారు చేసుకుంటుంది. అదే జీవి మన రక్తంలోకి వచ్చి సన్నని పొడవైన రూపం దాల్చగానే మైటోకాండ్రియాన్ ఒక సన్నని గొట్టంగా కుంచించుకుపోతుంది. క్రిస్టేలు దాదాపు ఉండవు, సైటోక్రోమ్‌లు ఉండవు. రక్తంలో గ్లూకోజ్ కొల్లలుగా ఉంది కనుక గ్లైకోసోమ్‌లు అనే చిన్న సంచుల్లో దాన్ని విరిచి (గ్లైకాలిసిస్) బ్రతుకుతుంది. ఈ రెండు రూపాల తేడాను కీత్ వికర్మన్ అనే శాస్త్రవేత్త 1965లోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించారు. వానాకాలంలో నిండిన బుక్కరాయసముద్రం చెరువు ఫొటో పట్టుకొని మే నెలలో అక్కడ ఎన్ని నీళ్ళుంటాయో చెప్పలేనట్టే, ప్రోసైక్లిక్ ఫొటో చూసి రక్తదశలో ఆ ప్రోటీన్ ఉందో లేదో చెప్పలేము.

కొందరు తెలివైన విద్యార్థులు ఇక్కడ ఒక దారి వెతుకుతారు. వెలుగు తీవ్రతను కొలిచి, దాన్ని వేరే చోట ఉన్న రక్తదశ వివరాలతో పోల్చవచ్చు కదా అంటారు. మైటోకాండ్రియా ప్రోటీన్లకు ఆ దారి సరిగా సాగదు. కారణం ఈ జీవి జన్యు నియంత్రణలోనే ఉంది. ట్రిపనోసోమ్‌లలో జన్యువులు పొడవైన వరుసలుగా కలిసే అనులేఖనం చెందుతాయి. ఏ దశలో ఏ ప్రోటీన్ ఎంత తయారు కావాలన్నది చాలావరకు సందేశం చివర, సంకేతం ముగిసిన తరువాత ఉండే భాగం నిర్ణయిస్తుంది. శ్వాసగొలుసులోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉపభాగాల్లో కొన్నిటి దశానియంత్రణ ఈ చివరి భాగంలోనే ఉన్నట్టు తేలింది. సి-కొనకు తోక అతికించినప్పుడు ఆ చివరి భాగం పోయి, తోకతో పాటు వచ్చిన వేరే భాగం ఆ స్థానంలో కూర్చుంటుంది. అంటే మైటోకాండ్రియా ప్రోటీన్ చిరునామాను సరిగా చూపించే ఫొటోలోనే దాని సహజమైన మోతాదు చెదిరిపోయి ఉంటుంది. ఎన్-కొన ఫొటోలో చివరి భాగం చెక్కుచెదరదు గాని, అక్కడ చిరునామా తప్పుతుంది. ఈ ముడి తోక పద్ధతి స్వభావంలోనే ఉన్నది కనుక వెబ్‌సైటును తప్పుపట్టలేము. కానీ ఈ మాట తరగతిలో చెప్పకుండా ఫొటోలు మాత్రమే చూపించడం సగం పాఠం అవుతుంది.

అందువల్ల ఈ వెబ్‌సైటుతో పాటు, ప్రోటీన్ ముక్కల బరువును బట్టి వాటిని గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో రెండు దశల ప్రోటీన్లను కొలిచి పోల్చిన అధ్యయనాలను పక్కన పెట్టుకోవాలి. 2012 నుంచి ఇలాంటివి వెలువడ్డాయి. నేను రెండు ప్రోటీన్లను జంటగా చెబుతాను. మొదటిది ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్. సైటోక్రోమ్‌లు లేని రక్తదశలో ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించేది ఇదే. గ్లైకాలిసిస్ సాఫీగా సాగడానికి ఇది ముఖ్యం. ప్రోసైక్లిక్ దశలోనూ ఉంటుంది గాని తక్కువ. క్షీరదాల్లో దీనికి సాటి ప్రోటీన్ లేదు కనుక మందుల పరిశోధకుల దృష్టి దీనిమీద ఎప్పటినుంచో ఉంది. రెండవది ఐఎఫ్1 అనే చిన్న నిరోధకం. ఏటీపీని తయారు చేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము వెనక్కు తిరిగి ఏటీపీని ఖర్చు చేయకుండా ఇది అడ్డుకుంటుంది. ప్రోసైక్లిక్ దశలో ఇది ఉంటుంది. రక్తదశలో ఉండకూడదు. ఎందుకంటే ప్రోటాన్లను బయటికి తోసే శ్వాసగొలుసు లేని ఆ దశలో, మైటోకాండ్రియాన్ పొరకు ఇరువైపులా ఉండవలసిన విద్యుత్ తేడాను నిలబెట్టేది వెనక్కు తిరిగే ఆ ఏటీపీ సింథేజే. రక్తదశ కణాల్లో ఐఎఫ్1ను బలవంతంగా తయారు చేయిస్తే అవి చనిపోతాయని ప్రయోగంలో తేలింది. ఆ తేడా పోతే బయటి నుంచి రావలసిన ప్రోటీన్లు మైటోకాండ్రియాన్ లోపలికి చేరలేవు. ఏటీపీ తయారు చేయని మైటోకాండ్రియాన్‌ను కూడా ఈ జీవి ఎందుకు వదులుకోలేదో ఈ జంట చూపినంత బాగా మరేదీ చూపదు. రక్తంలోని సన్నని రూపానికీ ఈగ పేగులోని రూపానికీ మధ్య పొట్టి రూపం ఒకటుంది. రక్తంలోనే ఉండి, విభజన ఆపివేసి, ఈగలోకి వెళ్ళడానికి సిద్ధపడే ఆ రూపంలో కొన్ని మైటోకాండ్రియా ఎంజైములు ముందుగానే తయారవడం మొదలవుతుంది. దాన్ని తోక పద్ధతిలో ఫొటో తీయడం కష్టమే అయినా, ఎవరైనా చేస్తే నేను మొదట తెరిచేది ఆ పేజీలే.

సెట్సీ ఈగ మన దేశంలో లేదు, నిద్రావ్యాధీ లేదు. మరి అనంతపురం విద్యార్థికి దీనితో ఏమి పని అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఒక విద్యార్థి నోటనే వచ్చింది: “సార్, పోయినేడు మా ఎనుముకు సర్రా వచ్చిందని డాక్టరు సూది వేసినాడు. అది గూడా ఈ జాతిదేనా?” అది ఈ జాతికి అతి దగ్గరి బంధువు. సర్రా కలిగించే ట్రిపనోసోమా ఎవాన్సైను 1880లో మన ఉపఖండంలోనే, డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో (నేటి పాకిస్తాన్) గుర్రాల, ఒంటెల రక్తంలో గ్రిఫిత్ ఇవాన్స్ గుర్తించారు. క్షీరదాల్లో వ్యాధి కలిగిస్తుందని తేలిన తొలి ట్రిపనోసోమ్ అదే. వానల కాలంలో జోరీగలు కుట్టి ఒక పశువు నుంచి మరో పశువుకు దీన్ని అంటిస్తాయి. ఈగ శరీరంలో పెరగవలసిన అవసరం దీనికి లేదు. మైటోకాండ్రియా పాఠానికి ఇది అమూల్యమైన ఉదాహరణ. ఎవాన్సైలో కైనెటోప్లాస్ట్ పెద్ద వలయాలు లేవు. శ్వాసగొలుసు తయారీకి కావలసిన సంకేతం పోయింది కనుక సెట్సీ ఈగలోని దశకు అది తిరిగి వెళ్ళలేదు, రక్తదశలోనే స్థిరపడిపోయింది. కేంద్రకంలో సంకేతం ఉన్న ఏటీపీ సింథేజ్ గామా ఉపభాగంలో వచ్చిన చిన్న మార్పు వల్ల, కైనెటోప్లాస్ట్ జన్యువులు లేకపోయినా పొర విద్యుత్ తేడాను నిలుపుకోగలుగుతున్నది. మనుషులకు ఇది సాధారణంగా సోకదు. మన సీరంలోని ఏపీఓఎల్1 అనే ప్రోటీన్ దీన్ని చంపేస్తుంది. మహారాష్ట్రలో ఒకరికి సోకినట్టు 2005లో వెలువడిన నివేదిక ప్రపంచంలోనే మొదటిది, ఆ వ్యక్తి రక్తంలో ఏపీఓఎల్1 లేదని తరువాత తేలింది.

ట్రిప్‌ట్యాగ్‌లో ఎవాన్సై ఫొటోలు లేవు. అయినా బ్రూసై పేజీలో గామా ఉపభాగాన్నో, కైనెటోప్లాస్ట్ ప్రోటీన్‌నో చూపించి, ‘ఈ చోటుకు చెందిన డీఎన్‌ఏ మీ ఊరి ఎనుము రక్తంలోని జీవిలో చాలావరకు లేదు’ అని చెబితే, ఆ పాఠం ఆఫ్రికా పాఠంగా మిగలదు. సర్రాకు వాడే ఐసోమెటామిడియం వంటి మందులు కైనెటోప్లాస్ట్ దగ్గర చేరతాయన్న సంగతిని కూడా ఇక్కడే కలిపి చెప్పుకోవచ్చు.

వాడేవారికి కొన్ని సూచనలు. ఫొటోలు సెల్‌ఫోన్‌లోనూ తెరుచుకుంటాయి గాని, వలకూ మచ్చకూ తేడా తెలియాలంటే ప్రొజెక్టరు మీదనే చూపించాలి. నెట్ నమ్మకంగా లేని కళాశాలల్లో అవసరమైన ఫొటోలను ముందే దించుకొని పెట్టుకోవడం మంచిది. వెబ్‌సైటులో పదాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారి కోసం స్థానాల పేర్లతో ఒక్క పేజీ తెలుగు పట్టిక తయారు చేసి గోడకు అంటించాను, అది బాగా పనిచేస్తున్నది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తెలిసిన పిల్లలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ద్వారా ఈ సమాచారాన్నంతా నేరుగా తీసుకొని లెక్కలు కట్టవచ్చు. ప్రయోగశాలలో ఖరీదైన సూక్ష్మదర్శిని లేని మన కళాశాలల్లో పీజీ ప్రాజెక్టుకు ఇంతకు మించిన ముడిసరుకు నాకు కనిపించలేదు. మైటోకాండ్రియాన్‌లో రెండు కొనల ఫొటోలూ విభేదించే ప్రోటీన్లను ఏరి, వాటి ఎన్-కొన సంకేతాలను పరిశీలించమని ఒక ప్రాజెక్టు ఇవ్వవచ్చు. దానికి కంప్యూటర్, ఓపిక తప్ప మరేమీ అక్కరలేదు.

ప్రోటీన్ చిరునామా తెలుసుకోవడానికి ఈ వెబ్‌సైటుకు ఐదుకు ఐదు ఇస్తాను. జీవిత దశల మధ్య పోలిక కోసం ఒంటరిగా దీన్నే వాడదలచినవారికి మాత్రం ఐదుకు రెండే. రక్తదశ ప్రోటీన్ కొలతల పట్టికను పక్కన తెరిచి పెట్టుకొని, మొదట ఐఎఫ్1, ఆ తరువాత ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ పేజీలతో మొదలుపెట్టండి. ప్రతి పేజీలోనూ ఎన్-కొన, సి-కొన ఫొటోలు రెండూ తెరిచిన తరువాతే స్థానం పేరు చదవమని విద్యార్థులకు చెప్పండి.